బాయికాడికి

ఆదివారం వస్తోందంటే పిల్లలున్న ఇంట్లో శనివారం సాయంత్రానికే శాసనసభ కొలువుతీరుతుంది. ప్రతిపక్షం వారిది ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "రేపెక్కడికి?" అధికారపక్షం దగ్గర ఉన్నదీ ఒకటే జవాబు: "చూద్దాం." ఈ "చూద్దాం" అనే మాటను కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, తప్పకుండా ఇద్దరు పిల్లల తండ్రి అయివుంటాడు.

పైగా మాది గోదావరిఖని. ఊరి పేరులోనే గని ఉంది. ఇక్కడ ఆదివారమైనా అందరికీ ఆదివారం కాదు. సింగరేణిలో వారపు సెలవుని 'ప్లేడే' అంటారు. పేరు చూసి ఆటల రోజనుకునేరు! ఆ రోజు డ్యూటీ పడితే డబల్ మస్టరు. అందుచేత ఎవరైనా "ఈ వారం ప్లేడే దొరికింది" అని సంతోషంగా చెబితే, సెలవు దొరికిందని కాదు, పని దొరికిందని అర్థం. కరీంనగరు నుంచి కాపురానికి వచ్చిన నాకు ఈ సంగతి బోధపడడానికి ఆరునెలలు పట్టింది. మావారు ఓపెన్‌కాస్టులో వంద టన్నుల డంపరు నడుపుతారు. ఆయనకి ప్లేడే దొరికితే పిల్లలకి దొరకదు, పిల్లలకి దొరికితే ఆయనకి దొరకదు. మధ్యన ఇల్లాలిని నేను. లెక్కలు చూసుకోవలసింది నేను, పిల్లల మొహాలు చూడవలసిందీ నేనే.

తీసుకుపోవడానికి చోట్లు లేవా అంటే, ఉన్నాయి. గోదావరి బ్రిడ్జి చూశారు. రామగుండానికి ఆ పేరు తెచ్చిన రామునిగుండాల గుట్ట ఎక్కారు. వానాకాలంలో సబ్బితం జలపాతం కింద తడిసి జలుబు తెచ్చుకున్నారు. కరీంనగరులో జింకల పార్కుకు పోయి జింకలకంటే ఎక్కువ గంతులు వేశారు. మానేరు డ్యామ్ మీద మొక్కజొన్న పొత్తులు తిన్నారు. ఇక కొత్తగా ఏం చూపించను?

ఇంతలో హైదరాబాదులో మా అక్కయ్య పిల్లలు ఒక ఫారం పార్కుకి వెళ్లొచ్చారు. నగరం పొలిమేరలో ఇప్పుడు అలాంటివి చాలా వెలిశాయిలెండి. తలకి ఇంత అని టికెట్టు. లోపల మేకపిల్లకి సీసాతో పాలు పట్టవచ్చు, ఎడ్లబండి ఎక్కవచ్చు, మడిలో దిగి నాలుగు నారుమొక్కలు గుచ్చి ఫొటో దిగవచ్చు. ఆ ఫొటోలన్నీ మా అక్కయ్య నా ఫోనుకు పంపింది. అవి నాకంటే ముందు మా పిల్లలు చూశారు. అంతే! ఇల్లు దద్దరిల్లిపోయింది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరిగినా మా గిన్నెలు అంతగా అదరవు.

ఎంత చిత్రమో చూడండి. 2022 చివర్లో ఆర్టీసీ, సింగరేణి కలిసి 'సింగరేణి దర్శన్' పేరుతో బస్సు వేస్తే, బయటి ఊళ్లవాళ్లు టికెట్టు కొనుక్కుని మా గనులు చూడడానికి వచ్చారు. మా పిల్లలేమో టికెట్టు కొనుక్కుని మేకను చూడాలంటున్నారు. ఎవరింట్లో లేనిది వారికి వింత కాబోలు!

ఆ గొడవంతా మంచం మీద పడుకుని వింటున్న మా మామగారు నెమ్మదిగా లేచి కూర్చున్నారు. "గీ మేకపిల్లల కోసం పట్నం పోవుడెందుకు బిడ్డా? మన బాయికాడికి పోరాదుండ్రి" అన్నారు.

పిల్లలిద్దరూ గప్‌చుప్. తరవాత మా చిన్నోడు పరుగెత్తుకుపోయి మేకుకు తగిలించి ఉన్న వాళ్ల డాడీ హెల్మెట్టు తీసి నెత్తిన పెట్టుకున్నాడు. "నేను రెడీ! మరి బాయిల మేకలు కూడ ఉంటయా తాతా?"

ఇక్కడ మీకు మా ప్రాంతపు భాష కొంచెం చెప్పాలి. బావిని మావైపు 'బాయి' అంటారు. పల్లెలో వ్యవసాయమంతా బావి చుట్టూ ఉంటుంది గనక, పొలానికి పోవడాన్ని 'బాయికాడికి పోవుడు' అంటారు. మరి సింగరేణి గని మాటేమిటి? దాన్నీ బాయే అంటారు! బొగ్గుబాయి, బాయిపని, బాయిదొర. ఈ గనుల్లోకి మొదట దిగినవాళ్లలో చాలామంది చుట్టుపక్కల పల్లెల రైతుబిడ్డలే. ఇంట్లోంచి చద్దిమూట పట్టుకుని బయల్దేరుతూ ఊళ్లో అన్నట్టుగానే ఇక్కడా "బాయికి పోతున్న" అని ఉంటారు. ఆ మాట అలాగే స్థిరపడిపోయింది. మా పిల్లలు పుట్టి పెరిగింది కంపెనీ క్వార్టర్లో. వాళ్లకు తెలిసిన బాయి ఒక్కటే. అక్కడికి సైరను మోగితే పోతారు, హెల్మెట్టు పెట్టుకుని పోతారు.

మామగారు ఆ బాయిలో దిగింది 1974లో, బదిలీ ఫిల్లరుగా. తట్టా చెమ్మస్ పట్టుకుని బొగ్గెత్తి టబ్బులు నింపే పని. 2012లో రిటైరయ్యారు. రెండో బాయి కాల్వశ్రీరాంపూర్ మండలంలో ఒక చిన్న ఊళ్లో ఉంది. అన్నదమ్ములిద్దరిదీ కలిపి రెండున్నర ఎకరాలు, మధ్యలో బావి. సాగంతా మా చిన్నమామ చేతిమీదే నడుస్తోంది. ఏటా బియ్యం బస్తాలు వస్తాయి. అవి వచ్చిన రోజు మామగారు గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని చాలాసేపు చూస్తారు. అంతకుమించి ఆ పొలం గురించి మా ఇంట్లో మాట్లాడుకునేది తక్కువ.

తక్కువ అన్నాను గానీ, ఈమధ్య ఎక్కువే అయింది. ఆ పొలంలో మామామగారి వాటా ఎకరంబావు అమ్మి, కరీంనగరు శివార్లలో ప్లాటు కొనాలని మావారి ఆలోచన. కంపెనీ క్వార్టరు కొలువున్నన్నాళ్లే కదా. రిటైరైన నాడు తాళాలు ఇచ్చేయాలి. అందరూ ప్లాట్లు కొంటున్నారు, ధరలు ఆగడం లేదు. చిన్నమామకి అరవయ్యారేళ్లు, మోకాళ్లు సహకరించడం లేదు. ఒక కొడుకు మస్కట్‌లో, ఒక కొడుకు హైదరాబాదులో. పెద్దపల్లి ఆసామి ఒకాయన మామిడితోట వేస్తానని మొత్తం రెండున్నర ఎకరాలకూ బేరం పెట్టాడు. ఇస్తే రెండు వాటాలూ ఇవ్వాలట. నిజం చెప్పొద్దూ, సొంత వాకిట్లో ముగ్గు వేసుకోవాలని నాకూ ఉంది. కనక ఆ ప్రయాణం పిల్లలకు వనభోజనం, పెద్దలకు పంచాయితీ.

అది 2024 కార్తీకం. ఆ ఆదివారం మావారికి ప్లేడే దొరకలేదు. పొద్దున్నే సర్వపిండి, పులిహోర కట్టుకుని బస్టాండుకు చేరాం. ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి ఉచితం గదా. నాకూ, అత్తగారికీ, మా పెద్దపిల్లకూ జీరో టికెట్లు. మామగారికీ, మావారికీ ఫుల్లు టికెట్లు. ఆరేళ్ల చిన్నోడికి హాఫ్ టికెట్టు. మా పెద్దది తన జీరో టికెట్టును ఊపి ఊపి చూపించింది. వాడేమీ చిన్నబుచ్చుకోలేదు. పైసలు పెట్టి కొన్నది తనదే కాబట్టి, లోపలికి రానిచ్చేది తననే అని వాడి నమ్మకం. హైదరాబాదు పార్కుకు టికెట్టున్నప్పుడు మన బాయికి ఉండదా? ఆ కాగితం ముక్కను దేవుడి అక్షింతల్లాగ గుప్పిట్లో దాచుకున్నాడు.

ఎన్టీపీసీ పొగగొట్టాలు వెనకపడ్డాయి. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ దాటింది. పెద్దపల్లిలో దిగి ఆటో ఎక్కాక అసలు లోకం మొదలైంది. రోడ్డుకు ఒకపక్క పొడుగునా వడ్లు ఆరబోసి ఉన్నాయి. కొనుగోలు కేంద్రంలో తేమ పదిహేడు శాతం దాటితే తీసుకోరు. అందుకని ఊరు ఊరంతా రోడ్డు మీదే. ముసలమ్మలు కాళ్లతో వడ్లను దున్నుతూ నడుస్తున్నారు. ఆ ఏడాది సన్నాలకు మద్దతు ధర మీద క్వింటాలుకు 500 రూపాయల బోనసు ప్రకటించారు. దాంతో దొడ్డురకం వేసేవాళ్లు కూడా సన్నాలకు మళ్లారని ఆటో అబ్బాయి చెప్పాడు.

"గా తొవ్వల పోతే కూనారం. గక్కడ వడ్ల మీద పరిశోధన జేస్తరు" అని మామగారు చెయ్యెత్తి చూపించారు. వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పరిశోధనా కేంద్రం అక్కడుంది. 'కూనారం సన్నాలు' అనే వరి పుట్టింది అక్కడే. ఒక ఊరి పేరు బియ్యానికి పెడతారని తెలిసి మా పెద్దది ఆశ్చర్యపోయింది. "మరి మన ఊరి పేరు దేనికి పెట్టిండ్రు?" అంది. బొగ్గు తప్ప నాకేమీ తట్టలేదు.

పొలం గట్టు మీద చిన్నమామ ఎదురొచ్చారు. మా చిన్నోడు గుప్పిట విప్పి, చెమటకు తడిసిన హాఫ్ టికెట్టు చూపించాడు. "ఇది ఎవరికియ్యాలె చిన్నతాతా?" ఆయన నవ్వకుండా టికెట్టు తీసుకుని ఇటూ అటూ తిప్పి చూశారు. "సరిగనే ఉన్నది, లోపటికి రా" అని తిరిగి వాడి చేతికిచ్చారు. వాడు పొంగిపోయి నాలుగడుగులు వేశాడో లేదో, పక్క పొలంలోంచి వచ్చిన మేకపిల్ల ఒకటి వెనకనుంచి ఆ టికెట్టును లాక్కుని నమిలేసింది. వాడు ఏడవబోయి, ఆగి, ఆలోచించి, "అమ్మా! టికెట్ చెక్ చేసేది ఇదేనా?" అన్నాడు. సీసాలో పాలు పట్టకుండానే మేకపిల్లతో స్నేహం కుదిరింది. సాయంత్రం దాకా అది వాడిని వదల్లేదు, వాడు దాన్ని వదల్లేదు.

గనుల ఊరి పిల్లల ప్రశ్నలు వేరుగా ఉంటాయండీ. కొట్టంలో రెండు బర్రెలూ, ఒక దూడా ఉన్నాయి. మా చిన్నోడు బర్రె చుట్టూ తిరిగి, "చిన్నతాతా, దీనికి ఏ షిఫ్టు?" అని అడిగాడు. చిన్నమామ తడుముకోలేదు. "పొద్దుగాల ఫస్టు షిఫ్టు, మాపటికి సెకండ్ షిఫ్టు. ప్లేడే లేదు బిడ్డా. ఆదివారం గూడ డ్యూటే. డబల్ మస్టర్ గూడ లేదు" అన్నారు. మావారు కిసుక్కున నవ్వారు. చిన్నమామ మాత్రం నవ్వలేదు. పాడి ఉన్నవాడికి పెళ్లికి పోవాలన్నా, చావుకు పోవాలన్నా బర్రెకు పాలు పితికే వేళ చూసుకునే పోవాలి. పండగ పూట కూడా ఆయన మా ఇంట్లో ఒక రాత్రి నిద్ర చేసింది లేదు. ఎందుకో అప్పుడు తెలిసింది నాకు.

బావి దగ్గర మా పెద్దది ఇంకో ప్రశ్న వేసింది. వొంగి లోపలికి చూసి, తలెత్తి నాలుగువైపులా చూసి, "తాతా, ఇంత లోతు తవ్వితే మట్టి ఏది?" అంది. నాకు మొదట అర్థం కాలేదు. మావైపు గొయ్యి ఉందంటే పక్కన గుట్ట ఉంటుంది. ఓపెన్‌కాస్టులో బొగ్గుపైన తీసిన మట్టినంతా ఎత్తి పోస్తే ఏర్పడిన గుట్టలు. వాటి మీద మొక్కలు నాటారు, అవి చెట్లయ్యాయి. మా పిల్లలకు అవే కొండలు. వాళ్ల లెక్క ప్రకారం గుట్ట లేని గొయ్యి ఉండదు.

మామగారు బావిగడ్డ మీద కూర్చున్నారు. "నువ్వు నిలవడ్డవ్ జూడు, గదే మట్టి" అన్నారు. బావిలోంచి తీసిన మొరం పక్కన పోసి, ఎత్తుచేసి, దాని మీద వేపమొక్క నాటారట. ఆ చెట్టు కిందే మేం చాపలు పరిచాం.

ఆయన అంతసేపు మాట్లాడడం నేను అంతకుముందు చూడలేదు. బావి తవ్వించింది 1981 ఎండాకాలంలో. అంతకుముందు అక్కడంతా వానమీద ఆధారపడిన చెల్క. జొన్నలో, కందులో పండితే పండినట్టు. మామగారు గనిలో పర్మినెంటు అయ్యాక నెలనెలా జీతంలో కొంత తమ్ముడికి పంపేవారు. వడ్డెరలు వచ్చి తవ్వారు. పైన మొరం, కింద రాయి. రాయి తగిలితే తూటాలు పెట్టి పేల్చాలి. మామగారు సెలవు పెట్టి వచ్చి పక్కన నిలబడేవారట. "బొగ్గుబాయిల నాకు ఎర్కైన పనే గదా" అన్నారు. మొదట్లో మోట. రెండెడ్లు వెనక్కి నడిస్తే తోలుబొక్కెన బావిలోకి దిగుతుంది, ముందుకు నడిస్తే నీళ్లతో పైకి వస్తుంది. పిల్లలకు నమ్మకం కలగకపోతే మామగారు లేచి వెనక్కి నడిచి చూపించారు, ఎద్దులాగా. డెబ్బయి దాటిన మనిషి! పిల్లలిద్దరూ ఆయన వెనక ఎద్దులై నడిచారు. మేకపిల్ల కూడా నడిచింది.

తరవాత మోటరు వచ్చింది. ఆ తరవాత కాకతీయ కాలువ నీళ్లు వచ్చి బావి మీద భారం తగ్గించాయి. కరెంటు రాత్రిపూట వచ్చే రోజుల్లో చీకట్లో మోటరు పెట్టడానికి పోయి చిన్నమామ రెండుసార్లు పామును తొక్కబోయారట. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల కరెంటు ఇస్తామన్నప్పటి నుంచి ఆ బాధ తప్పింది. మా పెద్దది మోటరు డబ్బా దగ్గర నిలబడి, "ఈ కరెంటు మన ఎన్టీపీసీదేనా?" అని అడిగింది. ఏ కరెంటు ఎక్కడిదో తీగను చూసి చెప్పలేం గానీ, రామగుండంలో 1978లో పునాదిరాయి వేసిన ఆ కేంద్రానికి మా గనుల బొగ్గే ఆహారం. కొట్టంలో మడతపెట్టి ఉన్న యూరియా సంచి మీద కూడబలుక్కుని 'రామగుండం' అని చదివింది కూడా అదే. మా ఊళ్లో 1980లో మొదలైన పాత ఎరువుల కర్మాగారం బొగ్గుతోనే యూరియా చేసేది. 1999లో మూతపడింది. 2021 నుంచి కొత్త కర్మాగారం గ్యాసుతో చేస్తోంది. "అమ్మా, మన ఊరి పేరు దీనికి పెట్టిండ్రు!" అని ఎగిరింది. ఆటోలో అడిగిన ప్రశ్నకు జవాబు తనే వెతుక్కుంది.

కార్తీకంలో ఉసిరిచెట్టు కింద తినాలి. అక్కడ ఉసిరిచెట్టు లేదు. చిన్నత్తమ్మ ఎక్కడినుంచో ఒక కొమ్మ తెచ్చి వేపచెట్టు మొదట్లో గుచ్చి దీపం పెట్టింది. దేవుడు సర్దుకున్నాడు. బగారన్నం, వంకాయ కూర, పచ్చిపులుసు, పెసరగారెలు. విస్తళ్లు తీశాక మావారు గొంతు సవరించుకున్నారు.

"బాపూ, గా పెద్దపల్లాయినకు ఏదో ఒకటి చెప్పాలె గదా."

మామగారు పలకలేదు. చిన్నమామ నేలమీద పుల్లతో గీతలు గీస్తున్నారు. "అన్న ఎట్లంటె గట్లనే. నాకైతె చాతనైతలేదు. ఇగ రెండేండ్లు లాగుతనేమో" అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. ఆయన మోకాళ్లు నేను చూశాను. మావారి మాటలోనూ అన్యాయం లేదు. నా ముగ్గు నాకుంది. ఎవరిని తప్పుపట్టాలో తెలియని తగవులే పెద్ద తగవులు.

అప్పుడు అంతసేపూ గిన్నెలు తోముతున్న మా అత్తగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "అమ్ముకుంటె అమ్ముకోండ్రి. నాకేం లేదు. గని ఆ బాయిల నా రెండు తులాల గుండ్లున్నయ్. అవి తీసి నా చేతుల వెట్టుండ్రి. గప్పుడు మీ బాపుతోని సంతకం నేనే వెట్టిస్త" అన్నారు.

పిల్లలిద్దరూ బావిలోకి తొంగి చూశారు, బంగారం కనపడుతుందేమోనని!

తరవాత తెలిసింది. బావికి రాతికట్టు కట్టే వేళకు జీతం చాల్లేదు. పెళ్లినాడు పుట్టింటివాళ్లు పెట్టిన గుండ్ల పేరు అమ్మి రాళ్లు తెప్పించారు. నలభైమూడేళ్లలో ఆవిడ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేను కోడలినై పదకొండేళ్లు, నాకు తెలియదు. కొడుక్కీ తెలియదు. మావారు బావి వైపు చూసి, వాళ్లమ్మ మెడ వైపు చూసి, మళ్లీ బావి వైపు చూశారు. ప్లాటు మాట ఇక ఎత్తలేదు.

పొద్దు వాలేవేళ చిన్నమామ వడ్ల దగ్గరకు మావారిని వెంటబెట్టుకుపోయారు. వంద టన్నుల డంపరు తిప్పే మనిషి, వడ్లకుప్ప మీద టార్పాలిన్ కప్పడం రాక రెండు మూలలూ గాలికి వదిలేస్తే, అరవయ్యారేళ్లాయన నవ్వుతూ నాలుగు మూలల మీదా నాలుగు రాళ్లు పెట్టారు.

ఇంతకీ అమ్మారా, లేదా అంటారు. ఆ మాట ఇంకా తెగలేదండీ. పెద్దపల్లి ఆసామికి మాత్రం ఇప్పట్లో కాదని చెప్పేశారు. చిన్నమామ చేయలేని నాటికి పక్క పొలం అతనికి కౌలుకివ్వాలని ఒక ఆలోచన. ప్లాటుకు అప్పు తీసుకుందామని ఒక ఆలోచన. వడ్డీ లెక్క వేస్తే నాకు నిద్ర పట్టదు, అమ్మిన లెక్క వేస్తే అత్తగారి మెడ కళ్లముందుకొస్తుంది. ఈ చిక్కు మా ఒక్కరిదే కాదు. మా కాలనీలో ఏ వరసలో చూసినా, ఊళ్లో ఎకరమో అరెకరమో అన్నదమ్ముల చేతిలో పెట్టి, ఇక్కడ క్వార్టర్లో పిల్లల్ని పెంచుతున్నవాళ్లే. ఒక బాయి జీతంతో ఇంకో బాయి తవ్వించిన తరం వాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. ఏ గట్టు ఎవరిదో, ఏ రాతికట్టులో ఎవరి బంగారం ఉందో చెప్పేవాళ్లు ఉన్నప్పుడే పిల్లల్ని ఒకసారి తీసుకుపోతే బాగుంటుంది. తరవాత అమ్ముకున్నా, ఉంచుకున్నా, ఏది అమ్ముతున్నామో తెలిసి అమ్ముతాం.

మావాళ్లు మాత్రం వచ్చే వానాకాలం నాట్లు వేయడానికి పోవాలని తీర్మానించుకున్నారు. మేకపిల్లకి ఇవ్వడానికి మా చిన్నోడు బస్సు టికెట్లు పోగుచేస్తున్నాడు. మావారు కూడా వస్తానన్నారు. ఆ వారం ప్లేడే దొరికినా వదులుకుంటారట. సింగరేణిలో ఒక మగవాడు ఇవ్వగల మాటల్లో ఇంతకంటే పెద్దది నాకు తెలియదు.